మా జేజినాయన తంబీలందరికీ

మా జేజినాయన పోయి ఈ గురువారానికి ఇరవై రోజులు. దినాలు అయిపోయాయి, చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఇల్లు సర్దుకుని కూర్చున్నాక గుర్తొచ్చింది, సాయం చేసిన వాళ్లెవరికీ సరిగా ఒక మాట కూడా చెప్పలేదని. ఆ నాలుగు రోజులు ఎవరొచ్చారో, ఎవరు ఏ పని చేసిపెట్టారో చూసే స్థితిలో మేమెవరమూ లేము. పేర్లు రాయొద్దని కొందరు ముందే అన్నారు కాబట్టి రాయట్లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ఆయనకు 87 ఏళ్లు. కోడుమూరు దగ్గర పల్లెలో పుట్టాడు. 1958లో ఇంట్లో చెప్పకుండా డోన్‌లో రైలెక్కి బెంగళూరు వెళ్లి సైన్యంలో ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. హలసూరు చెరువు పక్కనుండే వాళ్ల సెంటర్ గురించి సొంతూరి గురించి చెప్పినంత ఇష్టంగా చెప్పేవాడు. అక్కడి సిపాయిలను ‘తంబి’ అంటారు, తమిళంలో తమ్ముడని. ఇరవై ఏళ్ల సర్వీసు చేసి, హవల్దారుగా రిటైరై కర్నూలు వచ్చినా ఆ మాట మాత్రం వదల్లేదు. పాలాయన తంబి, బ్యాంకు మేనేజరు తంబి, మా నాన్న తంబి. ఒకసారి బీపీ చూడ్డానికొచ్చిన డాక్టరమ్మను కూడా తంబీ అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

యుద్ధం కథలు చెప్పమని చిన్నప్పుడు వెంటపడేవాళ్లం. ఆయన చెప్పేది చలి గురించే. 1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర, శత్రువులు పాతిన మందుపాతరలను రాత్రిపూట వెతికి తీసేసి, మన ట్యాంకులకు దారి చేసిన వాళ్లలో ఆయనొకడు. ‘వేళ్లు మొద్దుబారిపోతాయి తంబీ, చేతికి తగిలింది రాయో ఇనుమో తెలీదు. తెలుసుకోవాల’ అనేవాడు. అంతే, ఇంకేమీ చెప్పడు. తీసేసినంత మేరా తెల్ల టేపు పరుచుకుంటూ పోవాలట. దారి పూర్తిగా తెరుచుకోకముందే ట్యాంకులు కదిలిన సంగతి నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ‘ఔనా జేజినాయనా?’ అంటే, ‘మరి ఆగుతారా?’ అన్నాడు. పల్లెలో చేను గట్టు మీద కూడా ముందు కట్టెతో నేల పొడిచి చూసి గానీ అడుగు వేసేవాడు కాదు. పాముల కోసమనుకునేవాళ్లం.

ఇక 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి పాతబస్తీ మీద పడిన రోజు కర్నూలులో ఎవరికి గుర్తుండదు? అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. మా ఇంటికి మేడ ఉంది, ఎదురింటికి లేదు. బావి చేంతాడు తెచ్చి మా మేడ కమ్మీకి ఒక కొస, వాళ్ల కిటికీ చువ్వకు ఒక కొస కట్టించి, ఆ ఇంటి ఆరుగురినీ దాని మీద చేతులేసుకుని నడిపించాడు. ఆ ముడి అంత నీళ్లలో నాని కూడా జారలేదు. మూడు రోజులు రెండు కుటుంబాలూ ఒకే మేడ మీద బొరుగులు తిని ఉన్నాం. ఆయన మెడల్స్ ఉన్న ట్రంకు పెట్టె మాత్రం కిందే ఉండిపోయింది. అందులో సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్కు కూడా తడిసింది. ఆ సంగతి కింద మళ్లీ వస్తుంది.

ఈమధ్య ఒక రాత్రి రెండు గంటలకు జేజినాయన ఊపిరి అందక అల్లాడుతుంటే మొదట పరుగెత్తుకొచ్చింది ఆ ఎదురింటి అబ్బాయే. వరదప్పుడు వాళ్లమ్మ చంకలో ఉన్న పిల్లవాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. బాడుగ ఇవ్వబోతే మా నాన్న చెయ్యి వెనక్కి తోసేశాడు. రక్తం కావాలన్నప్పుడు తెల్లవారేలోగా ముగ్గురు కాలేజీ పిల్లలొచ్చారు. బి నెగటివ్ అంత తొందరగా దొరుకుతుందని మేమనుకోలేదు. ఆ పిల్లలు జేజినాయన మొహం కూడా చూడలేదు.

పోయాక మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎదురింటి నుంచి టీ, పక్క వీధి నుంచి అన్నం, పప్పు, జొన్నరొట్టెలు, వేళకు వచ్చేవి. తినబుద్ధి కాదంటే పక్కన కూర్చుని తినిపించి పోయేవాళ్లు.

మాజీ సైనికులు పదకొండు మంది వచ్చారు. అందరూ టోపీలు, మెడల్స్ పెట్టుకుని వచ్చారు, ఒకాయన వాకర్‌తో వచ్చాడు. పూలచక్రం పెట్టి సెల్యూట్ చేశారు. బాకా ఊదేవాళ్లు లేక ఒకాయన ఫోన్‌లో ‘లాస్ట్ పోస్ట్’ పెట్టాడు, సైనికులకు చివరి వీడ్కోలుగా ఊదే బాణీ అది. మధ్యలో వంటనూనె ప్రకటన వచ్చింది. మా చిన్నాయన ఏడుస్తూనే నవ్వాడు. జేజినాయన ఉండుంటే ‘ఫోను ఆపు తంబీ’ అని గట్టిగా అరిచేవాడే. ఆయనకు కుడిచెవి వినపడదు, అందుకే ఏ మాటైనా గట్టిగానే.

మా జేజి పెన్షన్ సంగతి కూడా చెప్పాలి. డిశ్చార్జ్ బుక్కులో ఆమె పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. పైగా వరద నీళ్లకు ఆ పేజీలో సిరా అలుక్కుపోయింది. ఒక చోట మూడుసార్లు తిప్పారు, మూడుసార్లూ కొత్త కాగితం అడిగారు. 80 దాటిన మనిషిని మెట్లెక్కించి దించారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. చివరికి ఆ వాకర్ పెద్దాయనే, రిటైర్డ్ సుబేదార్, ఇంటికొచ్చి కూర్చుని అఫిడవిట్ రాయించి, బెంగళూరు రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం పెట్టించాడు. సైనికుల పెన్షన్ వెబ్‌సైటు ‘స్పర్శ్’లో ఏది ఎక్కడ నొక్కాలో వాళ్ల మనవరాలు వచ్చి చేసిపెట్టింది. మొన్న సోమవారం రికార్డ్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, పేరు సరిచేశారట. జేజి ఆ పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టబోతే, ‘వదినా, హవల్దార్ సాబ్ నాకు సీనియర్’ అన్నాడు.

ఇంకొక్క విషయం. మీ గిన్నెలు మా దగ్గరే ఉన్నాయి. రెండు స్టీలు క్యారియర్లు, మూత లేని పెద్ద గిన్నె ఒకటి, గాజు జగ్గు, నాలుగు గరిటెలు. పేర్లు చెక్కినవి రెండే, మిగతావి ఎవరివో తెలియడం లేదు. ఒట్టి గిన్నె తిరిగివ్వకూడదని జేజి పట్టుబట్టి కూర్చుంది, వేరుశనక్కాయలు వేయించి పెట్టింది. ఆదివారం సాయంత్రం లోపల వచ్చి తీసుకెళ్లండి, లేదంటే ఆమే కట్టె పట్టుకుని వీధి వీధీ తిరిగేట్టుంది.