చేను బేరం పెట్టకండి నాన్నా

రెడింగ్,
9 మార్చి 2025

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. అమ్మ కంట్లో చుక్కలు నాలుగు పూటలా మీరే వేయండి. తనంతట తను వేసుకుంటే సగం చెంప మీదకే పోతాయి.

కొన్న ఇంటికి మళ్లీ డబ్బు కట్టడమేంటి, ఎవరైనా ముంచారా అని ఫోన్లో అడిగారు. బాబాయి ఏం చెప్పి ఉంటాడో తెలుసు. ఎవరూ ముంచలేదు నాన్నా, ఇది ఫ్లాటు లీజు గడువు పెంచుకోవడానికి కట్టేది. మన దగ్గర అపార్ట్‌మెంటు దస్తావేజులో మీరు అవిభాజ్య వాటా ఇన్ని గజాలని రాస్తారు కదా, ఇక్కడి కాగితాల్లో ఆ వాక్యమే ఉండదు. నేల, బిల్డింగు ఫ్రీహోల్డర్‌వి, అంటే అసలు యజమానివి. ప్లానులో ఎర్రగీత గీసిన మేరకు, లీజులో రాసినన్నేళ్లు ఉండే హక్కు మనది. ఇంగ్లండు, వేల్స్‌లో ఫ్లాట్లు చాలామటుకు ఇంతే.

మన లీజు 2006 జూన్ 24 నుంచి 99 ఏళ్లు. మనం ఎప్పుడు కొన్నామన్నది లెక్కలోకి రాదు, లీజులో రాసిన తేదీయే లెక్క. (జూన్ 24 ఇక్కడ పూర్వం నుంచీ అద్దెలు కట్టే నాలుగు గడువు రోజుల్లో ఒకటి. పాత లీజులు చాలా అలాంటి తేదీతోనే మొదలవుతాయి.) అంటే ఈ జూన్‌కి సరిగ్గా 80 ఏళ్లు మిగులుతాయి. నా తొందరంతా అందుకే.

80 దాటి ఉన్నంతకాలం రెండింటికే కట్టాలి. ఒకటి, ఫ్రీహోల్డర్ వదులుకునే గ్రౌండ్ రెంటు, అంటే నేలకని ఏటా మనం కట్టే అద్దె. ఏడాదికి 200 పౌండ్లు, 7 శాతం మీద లెక్కేస్తే సుమారు 2,850. రెండోది, 80 ఏళ్ల తర్వాత ఫ్లాటు తిరిగి ఆయన చేతికి వచ్చే హక్కు. ఫ్లాటు 3 లక్షల పౌండ్లు అనుకున్నా, ఏడాదికి 5 శాతం చొప్పున అన్నేళ్లు వెనక్కి లెక్కేస్తే ఈ రోజు దాని విలువ 6 వేల పైచిలుకే. రెండూ కలిపి 8,900 ప్రాంతం. 80కి దిగిందా, మ్యారేజ్ వాల్యూ అని మూడోది వచ్చి చేరుతుంది. లీజు పెరగడం వల్ల ఫ్లాటుకు ఎంత విలువ కలిసొచ్చిందో, అందులో పై రెండూ పోను మిగిలినదాంట్లో సగం ఆయనది. పొట్టి లీజుతో మన ఫ్లాటు 2,80,000 అని సర్వేయర్ తేల్చాడనుకోండి, ఇంకో 5,550 కట్టాలి. ఒక్క రోజు తేడాకి అంత.

లీజు పెంచమని ఫ్రీహోల్డర్‌కి ఏ రోజు నోటీసు ఇస్తామో ఆ రోజు విలువే ఖాయం, తర్వాత బేరం ఎంతకాలం సాగినా సరే. సరిగ్గా 80 ఉన్నా చాలదు, 80 దాటి ఉండాలి. 24వ తేదీ లెక్కలోకి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు. ఏప్రిల్ నెలాఖరుకే పంపించేస్తాను.

మా ఆయనేమో కొత్త చట్టం వచ్చేదాకా ఆగుదామంటారు. 2024 చట్టంలో 990 ఏళ్లు ఇస్తామని, మ్యారేజ్ వాల్యూ తీసేస్తామని ఉన్నమాట నిజమే, కానీ ఆ భాగాలు ఇంకా అమల్లోకి రాలేదు. వచ్చిందల్లా, కొని రెండేళ్లు నిండాలన్న షరతు మొన్న జనవరి 31న పోయింది. 60 ఏళ్లే మిగిలినవాళ్లు ఆగితే అర్థముంది. 80 అంచున ఉన్నవాళ్లు ఆగకూడదు.

ఇక దారి. 1993 చట్టం 42వ సెక్షను కింద నోటీసు ఇస్తే, మిగిలిన ఏళ్ల మీద ఇంకో 90 కలుస్తాయి, గ్రౌండ్ రెంటు మిరియం గింజ అవుతుంది. అక్షరాలా అదే మాట నాన్నా, పెప్పర్‌కార్న్ అని లీజులో రాస్తారు. అంటే ఏమీ కట్టనక్కర్లేదు. ముందు ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి మన టైటిల్, ఫ్రీహోల్డ్ టైటిల్ నకళ్లు తీయాలి, ఒక్కోటి 7 పౌండ్లు. మన ఈసీలాగే ముందుగా చూసుకోవాల్సింది అదే. ఫ్రీహోల్డర్‌కీ మనకీ మధ్యలో ఇంకో హెడ్ లీజుదారుడు ఉంటే నోటీసు ఎవరి పేరున ఇవ్వాలన్నది మారిపోతుంది, తప్పు మనిషికి ఇస్తే చెల్లదు. మనం ఇస్తామనే ధర కూడా నమ్మదగ్గదిగా ఉండాలి. మరీ తక్కువ రాస్తే నోటీసే కొట్టేసే ప్రమాదం ఉంది. అందుకే ఈ పనే చేసే సర్వేయర్‌ని పెట్టుకున్నాను, ఇల్లు కొన్నప్పటి ఆయన్ని కాదు.

నోటీసులో జవాబుకు కనీసం రెండు నెలలు గడువివ్వాలి. ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగొచ్చు, మనం రాసిన ధరలో పదో వంతు లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. ఆయన జవాబిచ్చాక రెండు నెలల్లో ధర కుదరకపోతే ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు, కానీ జవాబు తేదీ నుంచి ఆరు నెలల్లోపే. అది దాటితే నోటీసు రద్దు, మళ్లీ ఇవ్వాలంటే ఏడాది ఆగాలి. అప్పటికి మనం 80 కిందికి జారిపోతాం. ఆ తేదీలన్నీ రాసి వంటింటి తలుపు మీద అంటించాను.

ఆయన లాయరు, సర్వేయరు ఖర్చు కూడా న్యాయమైనంత మేరకు మనమే భరించాలి. అదొక్కటే నాకు కష్టంగా ఉంది. ఇరువైపులకూ కలిపి నాలుగైదు వేలు పక్కన పెట్టాను. స్టాంపు డ్యూటీ ఎంతని మీరు అడుగుతారు, ప్రీమియం 40 వేల లోపే కాబట్టి అది లేదు.

ఫ్రీహోల్డర్ ఏజెంటు నోటీసు అక్కర్లేదు, మనలో మనం 125 ఏళ్లకు రాసుకుందాం, ఖర్చు తక్కువ అని ఉత్తరం పంపాడు. అలా చేస్తే పాత లీజు తీరేదాకా గ్రౌండ్ రెంటు ఉండిపోవచ్చు, పైగా మధ్యలో ఆయన మాట మార్చినా అడిగే దారి లేదు. మీరు నోటిమాట మీద ఎవరికీ అగ్రిమెంటు రాయలేదు కదా, నేనూ అంతే.

మొత్తం పదమూడు, పద్నాలుగు వేల పౌండ్లు అవుతుంది. అది మా దగ్గర ఉంది. నిజంగానే ఉంది నాన్నా, మీకోసమని చెప్పడం లేదు. కాలవగట్టు చేను అమ్మి పంపిస్తానన్న మాట అమ్మ చెప్పగానే రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరికైనా మాటిచ్చి ఉంటే ఈ ఉత్తరం అందగానే వెనక్కి తీసుకోండి. బజానా తీసుకుని ఉంటే తిరిగిచ్చేయండి, ఆ డబ్బు నేను పంపుతాను.

చెల్లి మాంచెస్టర్‌లో ఫ్లాటు చూస్తోందట. లీజు ఎన్నేళ్లు మిగిలి ఉందో అడగకుండా అడ్వాన్సు ఇవ్వొద్దని మీరూ ఒకమాట చెప్పండి, నేను చెబితే వినదు.

పాస్‌పుస్తకం మళ్లీ బీరువాలో పెట్టేయండి.

ఉంటాను,
మీ పెద్దమ్మాయి