ఈ ఆదివారం బ్రేకింగ్ ప్రాక్టీస్ - బండి నడిపేవాళ్లంతా చదవండి

అందరికీ నమస్కారం. పోయిన వారం వానలో మా తమ్ముడు బండి మీంచి పడ్డాడు. కుక్క అడ్డం వస్తే కంగారులో వెనక బ్రేక్ ఒక్కటే గట్టిగా తొక్కేశాడట. చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి జారింది. మోచేయి విరిగింది. హెల్మెట్ కుడివైపు చెక్కుకుపోయి లోపలి థర్మకోల్ కనిపిస్తోంది, దాన్ని చూసినప్పుడల్లా గుండె దడదడలాడుతోంది. స్ట్రాప్ పెట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

వాడు పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నాడు. సడన్‌గా ఎలా ఆపాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. మనలో ఎవరికి నేర్పారు చెప్పండి? లైసెన్సు కోసం ఎనిమిది అంకె తిప్పాం, అంతే. బ్రేక్ వేయగానే బరువు చాలావరకు ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకే ఆపే బలం ఎక్కువగా ముందు బ్రేక్‌దే. దాన్ని ఒక్కసారిగా లాగేయకుండా, వెనకదాంతో కలిపి క్రమంగా బిగించాలి. ఇది చేతికి అలవాటు కావాలి, చదివితే రాదు. 60 స్పీడులో మనం తేరుకునే ఒక్క సెకనులోనే బండి 16 మీటర్లు దాటేస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 75 వేల మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే.

ట్రైనింగ్ ఇచ్చే ఒకాయన ఆదివారం ఉదయం 6:30కి స్కూల్ గ్రౌండ్‌కి వస్తానన్నారు. లైసెన్సు ఉండి కాలేజీకి బండి మీద వెళ్లే పిల్లల్ని తప్పకుండా పంపండి. స్కూటీలు నడిపే అక్కలు, వదినలు కూడా రండి. హెల్మెట్, బూట్లు ఉండాలి. వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే పేరు పెట్టండి.