రెండో ప్రయత్నంలో దక్కిన గ్రాంటు: కృతజ్ఞతలు

మా ల్యాబుకు ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) నుంచి ఆర్01 గ్రాంటు, అంటే పరిశోధకుడి సొంత ప్రాజెక్టుకు ఇచ్చే నిధులు, మంజూరైనట్టు 2014 వేసవిలో ఉత్తరం అందింది. దరఖాస్తు మీద ఉన్నది నా ఒక్కడి పేరే గాని, దాన్ని నిలబెట్టినవారు చాలామంది. అడగకుండా పేర్లు రాయడం మర్యాద కాదు కనుక, పేర్లు లేకుండానే వారికి ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

ఎన్‌ఐహెచ్ బడ్జెట్ 1998 నుంచి 2003 లోపు రెట్టింపై, సుమారు 2,700 కోట్ల డాలర్లకు చేరింది. ఆ ఊపులో విశ్వవిద్యాలయాలు భవనాలు కట్టాయి, కొత్తవారిని చేర్చుకున్నాయి. ఆ తర్వాత బడ్జెట్ పెరుగుదల దాదాపు ఆగిపోయింది గాని దరఖాస్తులు ఆగలేదు. 2000 ప్రాంతంలో మూడింట ఒకటి దాకా నెగ్గేవి. సీక్వెస్ట్రేషన్ పేరిట, అంటే ప్రభుత్వ ఖర్చుల తప్పనిసరి తగ్గింపు కింద, 155 కోట్ల డాలర్ల కోత పడిన 2013లో, 49 వేలకు పైగా దరఖాస్తులు వెళితే మంజూరైనవి 8,310 మాత్రమే, అంటే నూటికి 16.8.

నా మొదటి దరఖాస్తు ఆ ఏడాది ఫిబ్రవరిలో సమీక్షకుల చర్చకే రాకుండా వెనక్కి వచ్చింది. దాదాపు సగం దరఖాస్తులకు అదే గతి పడుతుందని తెలిసినా, ఆ రాత్రి అన్నం సహించలేదు. అదే దరఖాస్తును సవరించి పంపే వీలు ఒక్కసారే ఉండేది; అదీ నెగ్గకపోతే అదే ఆలోచనను కొత్త దరఖాస్తుగా పంపనిచ్చేవారు కాదు. కొత్తగా పంపే విషయంలో ఆ నిబంధనను సడలించింది 2014 ఏప్రిల్‌లో.

అప్పుడు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు వైపు. ఏళ్ల తరబడి సమీక్షా బృందాల్లో కూర్చుని రిటైరయ్యారు. పన్నెండు పేజీల ప్రణాళిక వద్దని, లక్ష్యాలు రాసిన ఒక్క పేజీ పంపమన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆ పేజీ తిరిగి వచ్చేసరికి మూడో లక్ష్యం మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. పక్కన "ఇది ఇంకో గ్రాంటయ్యా, ఇందులో ఇరికించకు" అని రాశారు. నాలుగు నెలలు కూర్చుని రాసుకున్న లక్ష్యమది. రెండు రోజులు అలిగి, మూడో రోజు తీసేశాను. సమీక్షకుల్లో ఇద్దరు మొత్తుకున్నదీ అదేనని వారి వ్యాఖ్యలు మళ్లీ చదివాక గాని నాకు ఎక్కలేదు.

మా విభాగాధిపతి ఎనిమిది నెలల పాటు టెక్నీషియన్ జీతం విభాగం నిధుల్లోంచి ఇప్పించారు. పక్క ల్యాబు ఆవిడ మా ఎలుకల పెట్టెలు పద్నాలుగింటిని తన లెక్కలో వేయించుకున్నారు. ఒక్కో పెట్టెకు రోజువారీ అద్దె కట్టాలి కనుక, ఆవిడ పూనుకోకపోతే రెండేళ్లుగా పెంచుకొచ్చిన ఆ సంతతిని వదులుకునేవాళ్లం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు పాపను చూసుకుంది. గ్రాంటంటే ఏమిటో ఆమెకు ఇప్పటికీ "గవర్నమెంటు లోను" అనే లెక్క, నేనూ సరిదిద్దలేదు.

2013 అక్టోబరు 1 నుంచి 16 దాకా అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతబడటంతో, నేను సవరించి పంపిన దరఖాస్తు సమీక్ష కూడా వాయిదా పడింది. ఆ వారాల్లో నా విసుగంతా భరించిన ల్యాబు పిల్లలకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. చివరికి నెగ్గినా, నాకంటే మంచి ప్రతిపాదనలు ఆ విడతలోనే ఆగిపోయాయని నాకు తెలుసు. వాటిలో రెండింటిని నేనే చదివాను.

ఇలాంటి దరఖాస్తు పంపేవారెవరైనా అడిగితే, నా రెండు దరఖాస్తులూ సమీక్షకుల వ్యాఖ్యలతో సహా పంపుతాను. ముందు వెనక్కి వచ్చినదాన్నే చదవండి; మాస్టారి ఎర్ర సిరా పేజీ కూడా దానికే జతచేసి ఉంటుంది.