టికెట్‌లో ఉన్నదే రాశానంటే సరిపోదు

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకి నేను వెంటనే ఏమీ అనలేదు. "రాజకీయాలు మాకెందుకమ్మా, టికెట్‌లో ఏముంటే అది రాస్తాం, టెస్టులు పాసైతే చాలు" అన్నావు. టికెట్ అంటే పైవాళ్లు చెయ్యమని రాసిచ్చే పని చీటీయే కదా. ఫోన్‌లో మొదలుపెడితే నువ్వొకటంటావు, నేనొకటంటాను, చివరికి భోంచేశావా లేదా అనే దగ్గర తేలుతుంది. అందుకే రాస్తున్నాను. నేనూ నీలాగే సాఫ్ట్‌వేర్ రాసి బతికినదాన్ని కాబట్టి దీన్ని పక్క టీమ్ సీనియర్ చేసిన కోడ్ రివ్యూ అనుకో. కామెంట్లు కాస్త ఎక్కువే ఉంటాయి.

ముందు ఆస్ట్రేలియా సంగతి. అక్కడి ప్రభుత్వం ఆదాయం లేనివాళ్లకి, తక్కువున్నవాళ్లకి రెండు వారాలకోసారి భృతి ఇస్తుంది. ఆ రెండు వారాల్లో ఎంత సంపాదించారన్న దాన్నిబట్టి భృతి పెరుగుతుంది, తగ్గుతుంది. పన్నుల శాఖ చేతిలో మాత్రం ఏడాది మొత్తం ఆదాయం ఉంటుంది. రెంటినీ పోల్చి, ఎక్కువ తీసుకున్నవాళ్ల దగ్గర వసూలు చేద్దామని 2015లో ఒక పథకం మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని పెద్దఎత్తున కంప్యూటర్ల మీదకి ఎక్కించారు. జనం దానికి రోబోడెట్ అని పేరు పెట్టారు. పాత వివరాలు ఇవ్వమని అడుగుతారు. అవి అందకపోతే ఏడాది ఆదాయాన్ని 26తో భాగించి, ప్రతి రెండు వారాలకీ అంతే సంపాదించినట్టు లెక్కేస్తారు.

ఒకమ్మాయి ఆరు నెలలు చదువుకుంటూ భృతి తీసుకుందనుకో. తర్వాత ఉద్యోగంలో చేరింది, చేరగానే భృతి ఆపించేసింది. ఆమె చేసిందంతా సక్రమమే. కానీ 26తో భాగించేసరికి, చదువుకునే రోజుల్లో కూడా ఆమెకి సగం జీతం వచ్చినట్టు తేలుతుంది. "మీరు ప్రభుత్వానికి బాకీ ఉన్నారు" అని ఉత్తరం వెళ్తుంది. కాదని నిరూపించుకోవలసింది ఆమే. ఎప్పుడో మానేసిన కంపెనీ చుట్టూ తిరిగి పాత పే స్లిప్పులు తెచ్చుకోవలసిందీ ఆమే.

ఇందులో బగ్ ఎక్కడుందో చెప్పు చూద్దాం. లేదురా. భాగహారం సరిగ్గానే ఉంది, టెస్టు రాస్తే పచ్చగా పాసవుతుంది. ఇలాంటి సగటు లెక్క చట్టానికి నిలవదని 2014లోనే ప్రభుత్వంలోని లాయర్లు కాగితం మీద పెట్టారు. అయినా పథకం నడిచింది. 2019 చివర్లో ఆపేలోపు 4 లక్షల మందికి పైగా ఇలా అక్రమంగా బాకీలు వేశారు. ఆ తర్వాత కోర్టు, పరిహారం, 2023లో రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం నివేదిక. డబ్బయితే తిరిగొచ్చింది. ఆ ఉత్తరాల ఒత్తిడిలో ప్రాణాలు తీసుకున్న కొడుకుల గురించి ఇద్దరు తల్లులు కమిషన్ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పారు. అది చదివాక ఆ 26 అనే అంకె నాకు మామూలుగా కనిపించడం మానేసింది.

ఎందుకంటే మనిషన్నవాడు ఏడాది పొడుగునా ఒకేలా సంపాదిస్తాడని ఎవరైనా చట్టసభలో లేచి అంటే నవ్విపోతారు. కూలికెళ్లేవాళ్లు, చదువుకుంటూ పని చేసేవాళ్లు, సీజన్‌ని బట్టి బతికేవాళ్లు గట్టిగా నిలదీస్తారు. అదే మాట ఒక ఫంక్షన్‌లోకి దూరితే నిలదీసేవాడుండడు. రాజకీయాలు నీ డెస్క్ దగ్గరికి జెండా పట్టుకుని రావు. ఎవరూ ఏమీ నింపకపోతే దానంతటదే పడే డిఫాల్ట్ వాల్యూగా వస్తాయి, నలుగురిలో ఎవరికి అనుమానపు మార్కు పడాలో చెప్పే ఒక ఇఫ్ కండిషన్‌గా వస్తాయి, తప్పనిసరి ఫీల్డు పక్కన ఎర్ర చుక్కగా వస్తాయి. ఫారంలో ఇంటిపేరు తప్పనిసరి చేశారనుకో. ప్రపంచంలో ఒకే పేరుతో బతికేవాళ్లు కొల్లలు. కౌంటర్‌లో కూర్చున్నతను ఏం చేస్తాడు? ఒక చుక్క కొడతాడు, లేదా ఉన్న పేరునే రెండుసార్లు కొడతాడు. ఆ రికార్డు ఇంకో శాఖ రికార్డుతో కలవదు, ఇంకో అప్లికేషన్ ఆగిపోతుంది. ఆగిపోయినవాళ్లకి మాత్రం "వివరాలు సరిపోలలేదు" అని వస్తుంది. ఎవరి వివరాలు ఎవరికి సరిపోలలేదో చెప్పే నాథుడుండడు.

ఇప్పుడు బ్రిటన్ పోస్టాఫీసుల సంగతి. ఇది నువ్వు వినే ఉంటావు, కానీ మన వృత్తి వైపు నుంచి ఒకసారి చూడు. ఫుజిట్సు అనే కంప్యూటర్ కంపెనీ వాళ్ల హొరైజన్ అనే అకౌంటింగ్ సిస్టమ్ 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లోకి వచ్చింది. సాయంత్రం లెక్క చూసుకుంటే డబ్బు తక్కువ చూపించేది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఈ సమస్య మీ ఒక్కరికే వస్తోందని చెప్పేవారు. ఒకావిడ హెల్ప్‌లైన్ వాళ్లు చెప్పినట్టే చేస్తుంటే, తక్కువ పడ్డ మొత్తం కళ్లముందే రెట్టింపైంది. ఇలా పోస్టాఫీసులు నడిపేవాళ్లు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద కోర్టుల్లో దోషులుగా ముద్రపడ్డారు. సిస్టమ్‌లో లోపాలున్నాయని హైకోర్టు తేల్చింది 2019 డిసెంబరులో. ఆ శిక్షల్లో చాలావాటిని ఒక్క దెబ్బతో రద్దు చేస్తూ చట్టం వచ్చింది 2024లో.

నన్ను కలవరపెట్టింది బగ్‌లు కాదు. బగ్ లేని సాఫ్ట్‌వేర్ నేను చూడలేదు, నువ్వూ చూడవు. పోస్టాఫీసుల లెక్కల్ని బయటినుంచి ఎవరూ మార్చలేరని పోస్టాఫీసు సంస్థ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. ఫుజిట్సు సిబ్బంది మార్చగలరని ఆ లోపల పనిచేసేవాళ్లలో కొందరికి తెలుసు. దానికి తోడు కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని ముందుగా నమ్మి, కాదనేవాడే రుజువు చూపాలనే న్యాయసూత్రం అప్పట్లో అక్కడ నడిచేది. ఒక చిన్న పోస్టాఫీసు నడిపే మనిషికి ఆ రుజువు ఎక్కణ్ణుంచి వస్తుంది? సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో చెప్పే లాగ్‌లు ఉండేది మన దగ్గర. అందుకే "సిస్టమ్ అలా చూపిస్తోంది" అనే మాట నీ నోట వినపడితే నాకు కోపం వస్తుంది. దాన్ని అలా చూపించేలా రాసినవాళ్లున్నారు, అలాగే ఉండనిమ్మన్నవాళ్లున్నారు.

ఈ మధ్య ఆ మాటకి చెల్లెలొకటి తయారైంది, "ఏఐ రాసింది" అని. నేను ఏఐకి వ్యతిరేకిని కాదు, నా రోజువారీ పనిలో సగం విసుగు అది తీసేసింది. కానీ నువ్వు నోటితో వివరించలేని లైను నీ పేరు మీద అసలు కోడ్‌లో మెర్జ్ చెయ్యకు. రాత్రి రెండింటికి జనం వాడే ప్రొడక్షన్ సిస్టమ్ కూలిపోతే ఫోన్ మోగేది నీకే, దానికి కాదు.

టికెట్ అన్నావు కదా, టికెట్లో లేని పని ఒకటి చెబుతాను. 2024 మార్చిలో మైక్రోసాఫ్ట్‌లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డేటాబేస్ టెస్టులు చేసుకుంటుంటే ఎస్ఎస్‌హెచ్ అనే పద్ధతిలో దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! మనమైతే మెషిన్ బిజీగా ఉందనుకుని వదిలేస్తాం. అతను తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ, అంటే డేటాని కుదించడానికి అందరూ వాడుకునే రెడీమేడ్ కోడ్, దాని కొత్త వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. అది లైనక్స్ సర్వర్లలోకి పూర్తిగా పాకేలోపే ఆగింది. ఆ లైబ్రరీని చాలాకాలం ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకుంటూ అలిసిపోయాడు. సాయం చేస్తానని వచ్చిన ఒక మారుపేరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి ఈ పని చేసింది. లక్షల కోట్ల వ్యాపారాలు అలా అలిసిపోయిన మనిషి భుజాల మీద నడుస్తాయి. నువ్వు వాడే లైబ్రరీల్లో ఒకటైనా అలాంటిది ఉంటుంది, వెతికి నెలకింత పంపు. ఇది వేరే సంగతి, మళ్లీ దారిలోకొస్తాను.

బాధ్యతంతా నీ ఒక్కడి నెత్తినే వేసుకోమని నేననడం లేదు. ఫోక్స్‌వాగన్ కేసు గుర్తు పెట్టుకో. కారు పొగ పరీక్షలో ఉందో రోడ్డు మీద ఉందో స్టీరింగ్ కదలికల్లాంటి వాటిని బట్టి పసిగట్టి, పరీక్షలో మాత్రం పద్ధతిగా నడుచుకునే సాఫ్ట్‌వేర్. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లలో పెట్టారు. 2015లో బయటపడ్డాక ఆ కంపెనీ అమెరికా అధిపతి అక్కడి కాంగ్రెస్ ముందు, ఇది కొద్దిమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల పని అన్నట్టు చెప్పుకొచ్చాడు. తర్వాత పైవాళ్ల మీదా కేసులు పడ్డాయనుకో. కానీ 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు 40 నెలల జైలు పడింది. పైవాళ్లు చెప్పారన్న మాట అతన్ని కాపాడలేదు. అంటే రెండువైపులా చూసుకోవాలి. చెప్పింది చేశానంటే కోర్టు ఊరుకోదు, కొంప మునిగితే చెప్పినవాడు ముందు నీ వైపే వేలు చూపిస్తాడు.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే, రాతపూర్వకంగా అడగడం. పెద్ద పోరాటం అక్కర్లేదు. "ఈ లెక్క తప్పు పడితే ఎవరికి నష్టం, వాళ్లు మనకెలా చెబుతారు, ఈ నియమం ఎవరు ఖరారు చేశారు?" అని టికెట్ కిందే కామెంట్ పెట్టు. మర్యాదగా పెట్టు, వెటకారం వద్దు. సగం చెత్త ఆలోచనలు ఆ ఒక్క కామెంట్‌కే చచ్చిపోతాయి, ఎందుకంటే మూడో ప్రశ్న కింద తన పేరు పెట్టడానికి చాలామంది ఇష్టపడరు. మిగతా సగంలో నిజంగానే మంచి కారణం ఉంటుంది, నువ్వది తెలుసుకుంటావు.

నువ్విప్పుడు చేస్తున్న మాడ్యూల్‌నే చూద్దాం. స్కోరు తక్కువైతే దరఖాస్తు దానంతటదే తిరస్కరణ, అవతలివాళ్లకి వెళ్లేది "మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నాము" అనే ఒక్క వాక్యం అన్నావు. ఏ నియమం వల్ల ఆగిందో ఎక్కడైనా సేవ్ అవుతోందా? ఆ రోజు నడిచిన నియమాల వెర్షన్ నంబరు రికార్డులో ఉంటోందా? ఆర్నెల్ల తర్వాత ఎవరైనా వచ్చి ఎందుకు తిప్పికొట్టారని అడిగితే మీ దగ్గర జవాబుంటుందా? ఒక మనిషి మళ్లీ చూసే దారి ఉందా, లేక ఫిర్యాదు మెయిల్ కూడా అదే స్కోరు దగ్గరికి తిరిగొస్తోందా? కారణం రాసిపెట్టే ఒక కాలమ్, మనిషి చేత మళ్లీ చూపించే ఒక బటన్. రెండు రోజుల పని ఉంటుందేమో.

ఇంకో వైపు నుంచి కూడా హెచ్చరించాలి, ఎందుకంటే నీకు ఆవేశం ఎక్కువ. నీ అభిప్రాయాలు నీవి, ఓటు వెయ్యి, సభలకి వెళ్లు, నాతో వాదించు. కానీ వాటిని దొంగచాటుగా కోడ్‌లో పెట్టకు. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధానికి నిరసనగా ఒక డెవలపర్, నోడ్-ఐపీసీ అనే తన ప్యాకేజీలో రష్యా, బెలారస్‌లలో ఉన్న కంప్యూటర్ల ఫైళ్లని చెరిపేసే కోడ్ పెట్టాడు. యుద్ధం మీద అతని అభిప్రాయమే నాదీ. అతని పని మాత్రం నాకు నచ్చలేదు. ఆ దేశాల్లో ఆ ప్యాకేజీ వాడేది సైన్యమా, అదే యుద్ధాన్ని వ్యతిరేకించే ఇంకెవరైనానా, అతనికి తెలియదు. ఆస్ట్రేలియా అధికారులు 26 వెనక దాక్కున్నట్టే ఇతనూ కంప్యూటర్ ఏ దేశంలో ఉందో పట్టించే ఒక ఐపీ అడ్రస్ చెకింగ్ వెనక దాక్కున్నాడు. మంచి ఉద్దేశమైనా సరే, జనానికి కనపడకుండా జనం మీద నిర్ణయం తీసుకునే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

టెక్నాలజీతో అన్నీ బాగుపడతాయనే వాళ్లతోనూ, టెక్నాలజీ వల్లే అన్నీ పాడయ్యాయనే వాళ్లతోనూ నేను ఎక్కువసేపు కూర్చోలేను. యాప్ పెట్టినంత మాత్రాన లంచం పోదు. ఎవరికి అప్రూవ్ బటన్ ఇచ్చారో వాళ్ల దగ్గరికి అది చేరుతుంది, అంతే.

చివరిగా డబ్బు సంగతి, ఇది అసలు మొదట్లో రాయాల్సింది. వద్దు అనగలిగే ధైర్యం గుణంలో కొంతే ఉంటుంది, మిగతాది బ్యాంకులో ఉంటుంది. మంచి మనసున్నవాళ్లు తలవంచుకుని సరే అనడం నేను చూశాను. పిరికివాళ్లై కాదు, ఒకటో తారీఖున కట్టాల్సిన అప్పులుండి. ఉద్యోగం లేకపోయినా ఆరు నెలలు గడిచేంత డబ్బు పక్కన పడేదాకా పెద్ద అప్పు ఏదీ నెత్తికెత్తుకోకు. జీతం పెరిగిన నెలే ఖర్చు పెంచుకోకు. కొత్త కారు మీదకి మనసు పోతుంది, నాకు తెలుసు, ఫొటోలు పంపావు కదా. వచ్చేసారి ఫోన్ చేసినప్పుడు కారు రంగు గురించి మాట్లాడను, ఎంత పక్కన పెట్టావో అడుగుతాను.

అమ్మ