ఒక్క ఆదివారానికి ఒక్క సంఘమే

దేవరకొండ

అరేయ్ దావీదూ,

వందనాలు. డల్లాస్ నుంచి పదిమందిని తోలుకొని వస్తున్నవని, ఒక్క ఆదివారం నాలుగు ఊళ్ళ చర్చి సంఘాలు తిరగాలని రాసినవు. నాలుగు కాదురా, ఒక్కటే. మిగతాయి వారంలో సాయంత్రాలు పెట్టుకో. పెద్ద ఆరాధన ఏ ఊళ్ళ చూసినా పదిన్నర చుట్టుపక్కలనే మొదలైతది. ఒక ఊళ్ళ సగంల లేచి రెండో ఊరికి పోయేసరికి ఒంటిగంట. అప్పటిదాక పాస్టరు అయ్యగారు పాట మీద పాట పాడిస్తా జనాన్ని ఆపుతరు, పిల్లలు ఆకలికి ఏడుస్తరు. మీరు పావుగంట నిలబడి, ఫోటో దిగి పోతరు. దాన్ని సంఘాన్ని చూసుడనరు.

ముందుగాల వీసా సంగతి. టూరిస్ట్ వీసా మీద వచ్చేటోళ్ళు ఆరాధనల కూర్చోవచ్చు, వాక్యం వినొచ్చు. ప్రసంగం చేసుడు, కరపత్రాలు పంచుడు మాత్రం కుదరదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంటది. నీకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనోళ్ళకిచ్చే కార్డు) ఉందని ధీమా పడకు. 2021 మార్చిల వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఓసీఐ వాళ్ళు సుత మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలె. చిక్కు ఎక్కడ వస్తదంటే, అయ్యగారు మర్యాదకు మైకు చేతికిచ్చి "రెండు మాటలు చెప్పండి" అంటరు. అందరి ముందర వద్దంటే ఆయన చిన్నబోతరు. అందుకే పేరు చెప్పి, వందనాలు చెప్పి కూర్చుంటమని వారం ముందే ఫోన్ చేసి ఒప్పించు. నన్నడిగితే మీ టీముకు వినుడే మంచిది.

పండుకునుడు నల్లగొండ లాడ్జిలనే పెట్టుకో. విదేశీయులు ఎవరింట్లనన్నా ఉంటే ఆ ఇంటాయన 24 గంటల లోపల వాళ్ళ వివరాలు సర్కారుకు ఆన్‌లైన్‌ల పంపాలె. ఊళ్ళ ఆ ముచ్చటే ఎవ్వరికి తెల్వది. లాడ్జి వాళ్ళే పంపుతరు గని, విదేశీయులను తీసుకుంటరా లేదా ముందే అడుగు.

ఇగ పైసలు. ఇది జాగ్రత్తగ చదువు. విదేశీ డబ్బు తీసుకోవాలంటే సంఘానికి విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గని, ముందస్తు అనుమతి గని ఉండాలె. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలకే రావాలె, ఒక సంస్థకు వచ్చింది ఇంకొక సంస్థకు పంచే వీలు లేదు. చిన్న ఊరి సంఘాలకు ఇదంతా ఎక్కడుంటది? కవర్ల నోట్లు పెట్టి అయ్యగారి చేతిల పెడితే మీరు విమానమెక్కుతరు, లెక్క చెప్పలేక ఆయన ఇరుక్కుంటరు. "తెల్లోళ్ళు ఎంతిచ్చిండ్రు" అని సంఘ పెద్దలు ఆరా తీసుడు వేరే. కట్టిస్తం, పంపిస్తం అని నోటిమాట కూడ ఇయ్యొద్దు. ఇక్కడోళ్ళు దాన్ని ఏండ్ల తరబడి గుర్తుపెట్టుకుంటరు.

గుడి ముందర చెప్పులు ఇడవాలె, లోపల మగవాళ్ళొక దిక్కు, ఆడవాళ్ళొక దిక్కు. మీ ఆడవాళ్ళకు తలా ఒక చున్నీ తెమ్మను, ప్రార్థనప్పుడు తల మీద కప్పుకోవాలె. రెండున్నర గంటలు చాప మీద కూర్చునుడు మీవాళ్ళతోని కాదు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేయించు. చెప్పకపోతే తీస్కపోయి వేదిక మీదనే కూర్చోబెడ్తరు. ఆరాధన అయినంక తల్లులు పిల్లల్ని, నూనె సీసాల్ని పట్టుకొని వరుస కడ్తరు. ప్రార్థన అయ్యగారినే చెయ్యమను, మీవాళ్ళు పక్కన నిలబడి ఆమేన్ అంటే చాలు. పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల్ని అడగకుండ తియ్యొద్దు.

భోజనం అమ్మగారింట్లనే, అంటే అయ్యగారి భార్య దగ్గరనే. కోడికూర కారం మనకే మండుతది, ఒక కూర వేరే చెయ్యమని ముందురోజే చెప్పు. "చాలు" అంటే మొహమాటానికి అన్నరనుకొని ఇంకో గంటె వేస్తరు. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాలె. నీళ్ళు కాచినయే కదా అని బోరునీళ్ళు తాగియ్యకు. కాస్తే క్రిములు చస్తయి గని ఫ్లోరైడ్ పోదు. కొన్ని రోజులకు ఏం కాదు, అయినా సీలున్న సీసాలు బండ్ల పెట్టుకో.

నవంబర్‌ల వస్తే ఎండ బాధ ఉండది, కాకపోతే పత్తి ఏరే కాలం. సాయంత్రం కూడిక ఏడున్నర లోపల పెడితే ముసలోళ్ళు తప్ప ఎవ్వరు రారు.

ఇంకోటి మీవాళ్ళకు చెప్పు, ముచ్చటగ వింటరు. నల్లగొండల 1890ల మిషన్ మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ అమెరికా మనిషి కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేసినా, వచ్చింది మాత్రం రష్యాల ఉన్న మెనొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సంఘాల నుంచి. అమెరికా మెనొనైట్ బ్రదరన్ వాళ్ళు ఆ తర్వాత వచ్చిండ్రు.

ఎవరికి ఏ వీసా ఉందో, ఎవరు మాంసం తినరో రాసి పంపు. కోళ్ళెన్ని చెప్పాల్నో అని అమ్మగారు ఇప్పటికే రెండుసార్లు అడిగిండ్రు.

నీ
సామ్యేలు