మార్నింగ్ షో

సత్యనారాయణపురం,
విజయవాడ.
ఆదివారం పొద్దున్న

చిరంజీవి మురళిని నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, స్వాతి, చిన్ని బాగున్నారని తలుస్తాను. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా నాన్నా, మళ్లీ చేస్తా" అంటావు. ఆ మళ్లీ అనేది వచ్చి ఇరవై రెండు రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. ఉత్తరమైతే నీకు తీరికైనప్పుడు చదువుకోవచ్చు కదా అని మొదలుపెట్టాను. ఇంతకీ రాయాల్సిన విశేషాలు పెద్దగా లేవు.

శాస్త్రిగారి అరుగు మీద మా సాయంత్రం సభ నడుస్తూనే ఉంది. గార్డుగారికి కంటి ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి కూర్చుంటున్నాడు, నోరు మాత్రం ఎప్పటిలాగే. పోయిన వారమంతా మిస్సమ్మ మీద రగడ. 1955లో వచ్చిన సినిమాకి ఇప్పుడు కొట్టుకుని కాఫీలు చల్లార్చుకుంటారేమిటని మీ అమ్మ సాధింపు. విషయం నీకు తెలిసిందే. ముందు భానుమతిని పెట్టుకుని కొంత సినిమా తీశారు. ఆవిడకీ నిర్మాత చక్రపాణికీ చెడింది. తీసిందంతా పక్కన పడేసి, చెల్లెలి వేషానికి అనుకున్న సావిత్రిని హీరోయిన్ మేరీని చేశారు. ఆ చెల్లెలి వేషం జమునకు వెళ్లింది. భానుమతి ఉంటే మేరీ పొగరు ఇంకా బాగుండేదని గార్డుగారు. పొగరు ఉండేదేమో కానీ ఆ చిరాకు వెనకాల దిగులు ఎవరు చూపించేవారని డ్రాయింగు మాస్టారు. నేను మాస్టారి పక్షం. కానీ భానుమతిని ఒక్క మాట అననివ్వను. ఆ వేషం పోతే ఆవిడకి లోటేమిటి? అప్పటికే చండీరాణిని మూడు భాషల్లో తీసి దర్శకురాలై కూర్చుంది. అందరికీ అలా కాళ్ల కింద సొంత నేల ఉండదనుకో.

ఆలోచిస్తే మిస్సమ్మ అసలు ఉద్యోగాల్లేని వాళ్ల కథేరా. ఇద్దరు గ్రాడ్యుయేట్లు. భార్యాభర్తలైతేనే పంతులు ఉద్యోగమిస్తామంటే, భార్యాభర్తలమని అబద్ధమాడి జమీందారు బడిలో చేరతారు. చిన్నప్పుడు చూసి నవ్వాం. ఇప్పుడు చూస్తుంటే ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందా అని నాకు టెన్షన్. ఈ మాట అరుగు మీద అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

సావిత్రి సంగతే తీసుకో. బ్యారేజీ దాటితే ఆవిడ ఊరు చిర్రావూరు ఎంత దూరం! 1950లో 'సంసారం'లో హీరోయినని తీసుకున్నారు. ఎదురుగా నాగేశ్వరరావుని చూసి పిల్ల కంగారుపడింది, డైలాగు రాలేదు. తీసేశారు. ఆ వేషం ఇంకొకరికిచ్చి, ఈ పిల్లకి ఏదో చిన్న వేషం పడేశారు. మరుసటి ఏడు పాతాళభైరవిలో ఒక డాన్సు. 1953 వచ్చేసరికి దేవదాసులో పార్వతి. అదే నాగేశ్వరరావు ఎదురుగా. తీసేసిన రోజున ఇంటికెళ్లి ఏం చెప్పిందో, ఎవరికి చెప్పిందో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

అన్నట్టు, బుధవారం శ్రీను వచ్చాడు. మీ మేనత్త మోకాళ్లకి తైలం కొనడానికి బజారుకొచ్చి ఇటు తొంగిచూశాడు. కూర్చుని, నీళ్లు తాగి, "మామయ్యా, మురళి వాళ్ల ఆఫీసులో చాలామందిని తీసేశారట కదా" అన్నాడు. వాడి బావమరిది గదిలో ఉండే కుర్రాడెవరో మీ ఆఫీసేనట. జూన్ నుంచి మీ టీమే లేదన్నాడట. శ్రీను సంగతి నీకు తెలుసు. చిన్నప్పుడు దుర్గగుడి మెట్ల మీద పులిని చూశానని చెప్పినవాడు. నేను కాఫీ తాగమన్నాను. అమ్మ వంటింట్లో ఉంది. విందనుకోను, అప్పుడు మిక్సీ తిరుగుతోంది.

నేనేమీ అడగడం లేదు. విన్నది రాశాను, అంతే.

ఎస్వీ రంగారావు సంగతి ఎవరికీ గుర్తుండదు. మన నూజివీడులో పుట్టిన మనిషి. మొదటి సినిమా పోతే మూటాముల్లే సర్దుకుని జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్ల దగ్గర ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నేపాళ మాంత్రికుడు కొన్నాళ్లు కంపెనీ గుమాస్తాగా బతికాడంటే మా గార్డుగారు నమ్మడు. అలాగని ఉన్న ఉద్యోగాన్ని తనంతట తను వదిలేసుకోవడం గొప్పని నేననను. రామారావు సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగం మూడు వారాల్లో వదిలేసి మద్రాసు వెళ్లాడని నీ కాలేజీ రోజుల్లో నాతో వాదించావు, గుర్తుందా? ఒరేయ్, ఆయనకి ఫ్లాటు వాయిదాలు లేవు. వదిలేసి ఏమీ కాకుండా పోయినవాళ్ల కథలు ఎవరూ చెప్పుకోరు. నేను గాంధీనగరంలో వాళ్లని చూశాను, ఒకరిద్దరిని కాదు. నువ్వు వదిలేశావని కాదు నా ఉద్దేశం. వాళ్లు తీసేస్తే అది వేరే సంగతి, అందులో నీ తప్పేముంది? చూశావా, ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను.

ఇంకొకటి చెప్పాలి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

నీకు తెలిసిన నాన్న ఆటోనగర్‌లో లారీ ట్రాన్స్‌పోర్టు గుమాస్తా. అంతకు ముందు గాంధీనగరంలో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఫిల్ము రిప్రజెంటేటివ్‌ని. సినిమా పెట్టె వెంటబెట్టుకుని తెనాలి, బాపట్ల, రేపల్లె తిరగడం, హాల్లో టికెట్ల లెక్క చూసుకోవడం, ఆట అయ్యాక కలెక్షన్ షీటు రాసి ఆఫీసుకి పంపడం. ఊరికి వారం. పెట్టెమీదే తల పెట్టుకుని రైల్లో నిద్రపోయేవాణ్ణి. 1993లో మా ఆఫీసుకి మూడు సినిమాలు వరసగా పోయాయి. ఒక సోమవారం వెళ్లేసరికి తాళం. ప్రొప్రయిటరు ఊళ్లో లేడు. మా రెండు నెలల జీతమూ లేదు.

ఇంటికెళ్లి చెప్పాలి కదా. చెప్పలేదు. అప్పుడే మీ అమ్మ గాజులు తాకట్టు విడిపించి తెచ్చుకుంది, వారమైనా కాలేదు. ఆ ముఖం చూసి ఇవాళ వద్దులే అనుకున్నాను. మర్నాడు తొమ్మిదిన్నరకి ఎప్పటిలా బ్యాగూ క్యారేజీ పట్టుకుని బయటపడ్డాను. రామ్మోహన గ్రంథాలయంలో పేపర్లు తిరగేశాను. ఎంతసేపని తిరగేస్తాం? పదకొండింటికి ఒక హాల్లో మార్నింగ్ షో వేసేవాళ్లు, అన్నీ పాత సినిమాలే. ఆ హాలు ఇప్పుడు లేదు, పేరు చెప్పినా నీకు తెలియదు. గేటు దగ్గరి మనిషి నన్నెరుగును. కలెక్షన్ చూడ్డానికొచ్చాననుకుని దణ్ణం పెట్టి లోపలికి వదిలాడు. నేనూ కాదనలేదు. అలా రెండో అబద్ధం.

ఆ వారం మాయాబజార్. ఏడు రోజులూ చూశాను. ప్రింటు అరిగిపోయింది, లాహిరి పాట సగంలో తెగి పడవ ఒక్క గెంతుగా ఒడ్డుకొచ్చేసేది. అయినా కెమెరామన్ బార్‌ట్లే సృష్టించిన ఆ వెన్నెల చూడాలిరా. 2010లో దానికి రంగులేస్తే గార్డుగారు ఎగిరి గంతేశాడు. నేను మాత్రం నలుపు తెలుపుల్లో కనిపించిన చల్లదనం రంగుల్లో లేదంటాను. మూడో రోజు నుంచి కథ చూడ్డం మానేసి తెర కుడి పైమూల చూసేవాణ్ణి. రీలు అయిపోవస్తుంటే అక్కడ చుక్క పడుతుంది. ఆ చుక్క చూసి ఆపరేటరు రెండో మిషను అందుకోవాలి. పది పదకొండు నిమిషాలకో చుక్క. అలా పూటలు గడిపాను. ఒక్క మాయ శశిరేఖ దగ్గర మాత్రం మూల వదిలి మధ్యకి చూసేవాణ్ణి. సావిత్రి నడుం మీద చేయి వేసి రంగారావులా ఛాతీ విరిచి నడుస్తుందే, అక్కడ. పైన ఆడపిల్ల, లోపల ఘటోత్కచుడు, ఆ పైన మళ్లీ నటన. ఎన్ని వేషాలు ఒక మనిషి మీద!

ఇంటర్వెల్‌లో ఆపరేటరు కేబిన్‌లో క్యారేజీ విప్పేవాణ్ణి. మధ్యాహ్నం నుంచి ఉద్యోగం కోసం తిరిగేవాణ్ణి. అలా తిరిగాననే చెప్పుకుంటాను, కొన్ని రోజులు కృష్ణ ఒడ్డున కూర్చున్నాను.

అలా ఆరో వారం గుండమ్మ కథ వేశారు. పెద్దవాళ్లంతా ఉన్న సినిమా అని పేర్ల బదులు ఫొటోలతో టైటిల్సు వేశారు చూడు, అది. రామారావుకి నూరో సినిమా, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిదోది. రామారావు పనివాడి వేషంలో రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ పాడతాడే, అక్కడ ఆడవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు వినిపించింది. ముందు ఊపిరి లోపలికి పీల్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బయటికొచ్చే నవ్వు. ఆ నవ్వు ఈ భూమ్మీద ఒక్కరిదే. నా చేతులు చల్లబడ్డాయి. పక్కింటి పిన్నిగారితో వచ్చింది. లేచి పోదామంటే వెనక తలుపు తీస్తే వెలుతురు పడుతుంది. సీట్లో కిందికి జారాను. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. బ్యాగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మీ అమ్మ నన్ను చూడలేదు. నువ్వు చూశావు. మూడేళ్లు నీకు. ఆవిడ భుజం మీంచి వేలు చూపించి "నాన్న" అన్నావు. ఒకసారి కాదు. హాలంతా ఇటు తిరిగింది.

మీ అమ్మ నన్నొకసారి, నా ఒళ్లో క్యారేజీ ఒకసారి చూసింది. పిన్నిగారు "మీ ఆయన ఇక్కడున్నారేమిటమ్మా" అంటే, "ఇవాళ ఈ హాల్లో డ్యూటీ, కలెక్షన్ చూసుకోవాలి" అంది. తడుముకోలేదు. నీకు వేరుశెనక్కాయలు కొనిపెట్టి మిగతా సినిమా చూసి వెళ్లింది. మళ్లీ నవ్వలేదు, నేను వింటూనే ఉన్నాను.

రాత్రి నువ్వు పడుకున్నాక, "ఎన్నాళ్లయింది?" అంది. నలభై ఒక్క రోజులన్నాను. "నలభై ఒక్క రోజులు! పొద్దున్నే అయిదింటికి లేచి ఈ సినిమాలకా నేను క్యారేజీలు కట్టింది!" అని ఇంతెత్తున లేచింది. ఉద్యోగం పోయినందుకు ఒక్క మాట అనలేదు. ఆ క్యారేజీ మాత్రం ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. మర్నాడు గాజులు మళ్లీ వెళ్లాయి. నెలలోపే ఆటోనగర్‌లో కుదిరాను.

ఇదంతా ఎందుకు రాశానో నాకే తెలియదు. స్వాతికి చెప్పావా? ఏదైనా ఉంటే అని. మాకు తర్వాత చెప్పినా ఫర్వాలేదు. ఆ పిల్లకి పక్కింటివాళ్ల ముందు తెలియకూడదు. అందరూ మీ అమ్మలా తడుముకోకుండా మాట్లాడలేరు. పోస్టాఫీసులో నా పేర ఉన్న డిపాజిట్ మార్చికి పూర్తవుతుంది. ఊరికే, మాటవరసకి చెబుతున్నాను. నీకు అక్కర్లేకపోతే మేడ మీద రేకులు వేయిద్దామని ఉంది.

శనివారం రాత్రి బస్సుకి బుజ్జి బెంగళూరు వస్తున్నాడు. కందిపొడి, గోంగూర పచ్చడి, చిన్నికి సున్నుండలు పంపుతున్నాం. గోంగూర గాజు సీసాలో ఉంది, ఫ్రిజ్‌లో పెట్టు, తడి చెంచా పెట్టకు. రాత్రి పొద్దుపోయాక పచ్చడి తినకు, నీకు కడుపులో మంట. ఆ బండి మీద హెల్మెట్ లేకుండా తిరగకు. బుజ్జి ఆదివారం ఏదో పని చూసుకుని సోమవారం పదకొండింటికి మీ ఇంటికొస్తాడు. ఆ టైముకి నువ్వు ఆఫీసులో ఉంటే వాచ్‌మన్‌కి ఇచ్చేయమంటాను. ఇంట్లో ఉంటే నీ చేతికే ఇస్తాడు. ఏదో ఒకటి ముందే చెప్పు.

ఫోన్ చేస్తే మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య చెయ్యి. ఆ టైములో అమ్మ పడుకుంటుంది. ఈ ఉత్తరం సంగతి ఆవిడకి తెలియదు.

ఇట్లు,
మీ నాన్న

మళ్లీ: కవరు అంటించబోతుంటే చూశాను. అమ్మ పార్సిల్ విప్పి మళ్లీ కట్టింది. అడుగున నా పాత స్టీలు క్యారేజీ పెట్టింది. ఎందుకే అంటే, "ఉండనివ్వండి, వాడికి పనికొస్తుంది" అని లోపలికెళ్లిపోయింది. రెండో గిన్నె మూత బిగుతు. వేడినీళ్లు పోసి తియ్యి, కత్తి పెట్టి తియ్యకు.