మొక్కజొన్న మోళ్లలో మీ మల్చర్ బ్లేడు ఊడి ఎగిరింది: కంపెనీ ఎండీ గారికి ఫిర్యాదు

తేదీ: 2 జూన్ 2025
తెనాలి ప్రాంతం, గుంటూరు జిల్లా

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మొక్కజొన్న చొప్ప కోసి నలగ్గొట్టే మల్చర్ నుంచి బ్లేడు ఊడి ఎగరడం, మీ సర్వీసు వాళ్లు వేసిన బోల్టుల గురించి.

అయ్యా,

నమస్కారం. ఈ ఏడాది మార్చి 6న మీ డీలరు దగ్గర ఆరడుగుల మల్చర్ కొన్నాను. బిల్లు ₹2,15,000. ఏప్రిల్ 19న అది పొలంలో తిరుగుతుండగా రోటరు (బ్లేడ్లు బిగించి ఉండి గిర్రున తిరిగే ఇరుసు) నుంచి ఒక సుత్తి బ్లేడు ఊడి, ట్రాక్టరు పక్క నుంచి దూసుకెళ్లి, గట్టు మీదున్న మంచినీళ్ల డ్రమ్మును చీల్చింది. ఆ డ్రమ్ము దగ్గర పావుగంట ముందు దాకా ఐదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మీ టోల్‌ఫ్రీ నంబరుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, రెండు మెయిళ్లు పెట్టాను. వచ్చిన జవాబు రెండు లైన్లు. అందుకే ఈసారి మీ పేరునే రిజిస్టర్డ్ పోస్టులో రాస్తున్నాను.

ఈ మిషన్ ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మావి కృష్ణా డెల్టా మాగాణులు. వరి కోసిన వెంటనే దుక్కి లేకుండా, డిసెంబరులో అదే తడి మీద మొక్కజొన్న విత్తుతాం. ఏప్రిల్‌లో కండెలు కోసేశాక పొలం నిండా చొప్ప నిలబడి ఉంటుంది. వెనకటికి ఊళ్లో ఎడ్లు, గేదెలు ఉండేవి కాబట్టి జొన్న చొప్ప ఒక్క కట్ట కూడా మిగిలేది కాదు. ఇప్పుడు ఎడ్లు లేవు. పూర్తిగా ఎండిన మొక్కజొన్న దంటును గేదెలు పైపైన ఆకు నమిలి వదిలేస్తాయి. కొడవలితో కోయిద్దామంటే కూలీలు దొరకరు. రోటావేటరు పెడితే దంట్లు షాఫ్టుకు చుట్టుకుంటాయి. దాంతో అందరూ అగ్గిపుల్ల గీసి చేతులు దులుపుకుంటున్నారు. కిందటేడు పక్క చేలో పెట్టిన మంట గాలికి పాకి మా బాబాయి గారి వరిగడ్డి వామి తగలబడింది. మూడు గేదెలకు ఏడాది మేత ఒక్క గంటలో బూడిదైంది. ఆ రాత్రి బిందెలతో నీళ్లు మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. నా చేలో ఇక నిప్పు పెట్టనని అప్పుడే అనుకున్నాను.

పైగా కాలిస్తే నష్టం మనకే. దంటులో ఉన్న నత్రజని పొగలో పోతుంది. తర్వాత యూరియా బస్తా కొని అదే నత్రజనిని మళ్లీ చల్లాలి. చొప్పను రెండు మూడంగుళాల ముక్కలుగా నలగ్గొట్టి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తొలకరికి తడిపి కలియదున్నితే నాట్ల నాటికి నేలలో మగ్గిపోతుంది. ఇదంతా ఆలోచించుకునే అప్పు చేసి మీ మిషన్ కొన్నాను. నాకు సొంతం నాలుగెకరాలు, కౌలుకు ఎనిమిది. ట్రాక్టరు 50 హెచ్‌పీ, మీ పుస్తకంలో కావాలని రాసినంతే.

మొదటి పది పన్నెండు ఎకరాలు మిషన్ బాగా పనిచేసింది. అది కూడా రాయడం ధర్మం. నిలువెత్తు దంట్లు దాని కిందికెళ్లి వెనక పొట్టులా పరుచుకుంటుంటే చూడ్డానికి వచ్చిన వాళ్లంతా ధర అడిగారు. నేనే ఇద్దరికి మీ డీలరు నంబరు ఇచ్చాను. ఆ ఇద్దరికీ ఇప్పుడు నేనే జవాబు చెప్పుకోవాలి.

ఏప్రిల్ 10న తొలి సర్వీసుకు మీ మెకానిక్ వచ్చాడు. మంచి కుర్రాడే, అతని మీద నాకు కోపం లేదు. 24 బ్లేడ్లలో ఆరింటి బోల్టులు లూజుగా ఉన్నాయని తీసేసి కొత్తవి వేశాడు. బండి పెట్టెలోంచి తీసిన ప్యాకెట్ మీద మీ కంపెనీ లేబులు, పార్టు నంబరు ఉన్నాయి. చించి పడేసిన ఆ కవరును మా అబ్బాయి తీసి దాచాడు. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు, ఇలాంటివి పారేయడు. ఏం మార్చాడో జాబ్ కార్డులో రాసి మెకానిక్ సంతకం పెట్టాడు.

తొమ్మిది రోజులకు ఇది జరిగింది. మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. పరిగె కండెలు ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద డ్రమ్ము పక్కన కూర్చుని నీళ్లు తాగి, ఎండ ఎక్కువైందని కాలవ గట్టు చింతచెట్టు కిందికి అన్నం క్యారేజీలు పట్టుకుని వెళ్లారు. నేను ఇంకో రెండు చాళ్లు తిప్పి దిగుదామనుకున్నాను. ఉన్నట్టుండి సీటు కింద దడదడమని కుదుపు. తుపాకీ పేలినట్టు చప్పుడు. కుడి చక్రం పక్క నుంచి నల్లగా ఏదో వెళ్లింది, అంతే చూశాను. ట్రాక్టరు నుంచి మిషన్‌ను తిప్పే పీటీఓ ఆపి, మిషన్ లేపేసరికి నా చేతులు వణుకుతున్నాయి.

డ్రమ్ముకు ముందు వైపు అరచేయంత చిల్లు, వెనక వైపు జానెడు చీలిక. బ్లేడు దాన్ని దాటుకుని వెళ్లి బోదె మట్టిలో దిగబడింది. మిషన్ దగ్గర నుంచి డ్రమ్ము దాకా అంగలేసి కొలిచాను, 34 అంగలు. చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన ఒక పెద్దావిడ ఆ బ్లేడును మట్టిలోంచి లాగి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. "ఏవయ్యా, మేం ఇక్కడే కూర్చునుంటే ఎట్టా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ మాటకు మీరైతే ఏం చెబుతారో ఆలోచించండి.

ఆ బ్లేడు బరువు కిరాణా కొట్లో తూయించాను. 1 కిలో 150 గ్రాములు. మీ పుస్తకంలో రోటరు నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుందని ఉంది. బ్లేడు కొసలు తిరిగే చుట్టు అడ్డకొలత ఒకటిన్నర అడుగు. మా అబ్బాయి లెక్కేస్తే కొస దగ్గర వేగం గంటకు దాదాపు 170 కిలోమీటర్లు వచ్చింది. కిలోకు పైగా ఉన్న ఇనప ముక్క అంత వేగంతో మనిషికి తగిలితే ఏమవుతుందో నేను మీకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం రోటరు తిప్పి 24 బ్లేడ్లూ ఒక్కొక్కటే చూశాం. కంపెనీ నుంచి వచ్చిన 18 బోల్టుల తల మీద 8.8 అని అచ్చు ఉంది. అంటే ఎక్కువ బలాన్ని తట్టుకునే హై టెన్సైల్ బోల్టులు. ఒక్కదానికీ వంకర లేదు. సర్వీసులో వేసిన ఆరు బోల్టుల తల నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు. వాటిలో ఒకటి విరిగింది, అదే ఎగిరిన బ్లేడుది. రెండు వంగాయి. మిగిలిన మూడింటి నట్లు వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. వాటికి అదురుకు వదులు కాకుండా పట్టి ఉంచే నైలాక్ నట్లు కూడా వేయలేదు, మామూలు నట్లే. ఒకే రోటరు, ఒకే పొలం, ఒకే డ్రైవరు. పాతవి పద్దెనిమిదీ నిలిచాయి, కొత్తవి ఆరూ పోయాయి. ఫోటోలన్నీ జత చేశాను.

ఇంకో లోపం కూడా ఉంది. మల్చర్ ముందు భాగంలో వేలాడాల్సిన గొలుసుల తెర నా మిషన్‌కు రాలేదు. లోపలి నుంచి ఏదైనా ఎగిరితే ఆపేది అదే. డెలివరీ రోజున అడిగితే "వచ్చే లోడులో వస్తాయండీ, ఈలోగా నడుపుకోండి" అన్నారు. అవి లేకుండా మిషన్ నడపడం నా తప్పే. పంట చేతికొచ్చింది, నీళ్లు వదిలేలోగా పొలం ఖాళీ కావాలన్న టెన్షన్‌లో ఒప్పుకున్నాను. కానీ గొలుసులు లేకుండా మిషన్‌ను షోరూము గేటు దాటించడం మీ తప్పు.

ఇక మీ జవాబు సంగతి. మీ ఏరియా ఇంజనీరు 11 రోజుల తర్వాత వచ్చి పది నిమిషాలు చూసి, ఇంగ్లీషులో ఉన్న ఒక ఫారం మీద సంతకం పెట్టమన్నారు. చదివించుకుంటే, బ్లేడు రాయికి తగిలింది, వాడిన వాడి నిర్లక్ష్యం అని ఉంది. నేను సంతకం పెట్టలేదు. అయ్యా, మా నేల నల్లరేగడి ఒండ్రు. ఇంటి పునాదికి రాయి కావాలన్నా లారీలో తెప్పించుకోవాల్సిందే. తరాల తరబడి నాగలి, ట్రాక్టరు తిరిగిన మాగాణిలో బ్లేడు విరగ్గొట్టేంత రాయి ఎక్కడుందో మీ ఇంజనీరును చూపించమన్నాను. ఆయన బండెక్కి వెళ్లిపోయారు. నిజంగా రాయి తగిలి ఉంటే బ్లేడు అంచు మీద దెబ్బ ఉండాలి కదా. ఆ అంచుకు గీత కూడా లేదు.

మెయిల్లో ఇంకో కారణం రాశారు. నేను మిషన్ను బాడుగకు తిప్పాను కాబట్టి అది వ్యాపారమట, వారంటీ వర్తించదట. అవును, నా 12 ఎకరాలు అయ్యాక పక్క రైతులకు ఆరేడు ఎకరాలు చేశాను. ట్రాక్టరు నేనే నడుపుతాను, జీతానికి మనిషి లేడు. ఆ డబ్బుతోనే వాయిదా కట్టాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(7) కింద ఉన్న వివరణ మీ లీగల్ వాళ్లను ఒకసారి చదవమనండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని అందులో ఉంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికి గానీ ఆస్తికి గానీ హాని జరిగితే తయారీదారుకు ఉండే బాధ్యత గురించి అదే చట్టంలో ఒక అధ్యాయమే ఉంది.

నాకు కావాల్సింది ఇదీ. 24 బ్లేడ్లకూ గ్రేడు అచ్చు ఉన్న బోల్టులు, నైలాక్ నట్లు కొత్తవి వేసి, రోటరు బ్యాలెన్సు చూసి, ఆ కాగితం నాకివ్వాలి. ఒక బ్లేడు లేకుండా తిరిగిన కాసేపటికే కుడి బేరింగు చప్పుడు మొదలైంది, దాన్నీ మార్చాలి. గొలుసుల తెర బిగించాలి. పక్క రైతులకు చేస్తానని ఒప్పుకున్న వాటిలో మిగిలిన నాలుగెకరాలకు వేరే వాళ్ల మిషన్ బాడుగకు తెచ్చుకున్నాను, ఆ ₹9,600 రసీదు జతలో ఉంది. డ్రమ్ము డబ్బు నాకొద్దు.

వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఆ బోల్టులు మెకానిక్ బజారులో కొన్నవి కావు, మీ లేబులున్న ప్యాకెట్‌లోవి. అలాంటి ప్యాకెట్లు ఎన్ని షోరూములకు, ఎందరు మెకానిక్‌ల పెట్టెల్లోకి వెళ్లాయో మీ దగ్గర లెక్క ఉంటుంది. మా డెల్టాలో సీజన్ అయిపోయింది, వచ్చే ఏప్రిల్ దాకా ఈ మిషన్లు షెడ్లలోనే ఉంటాయి. కానీ కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ వైపు వానాకాలం మొక్కజొన్న సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకొస్తుంది. అక్కడ మీ మల్చర్లు అప్పుడు పొలంలోకి దిగుతాయి. అక్కడా గట్ల మీద పరిగె ఏరుకునే వాళ్లుంటారు, అన్నం తెచ్చే పిల్లలుంటారు. ఆలోగా ఆ లాటు బోల్టులు వెనక్కి తెప్పించండి. కొన్న ప్రతి రైతు ఫోన్ నంబరు మీ డీలర్ల దగ్గర ఉంది. పండక్కి ఆఫర్ల మెసేజీలు పంపిస్తున్నారు కదా, ఇది కూడా అలాగే పంపండి, తెలుగులో పంపండి.

తెలుగు అంటే గుర్తొచ్చింది. మీ పుస్తకం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. ఒక బ్లేడు మారిస్తే దానికి ఎదురుగా ఉన్నదీ మార్చాలని, ఎన్ని గంటలకోసారి బోల్టుల బిగువు చూసుకోవాలో కూడా అందులో ఉందని మా అబ్బాయి చదివి చెబితే తెలిసింది. మనుషులు ఎంత దూరంలో ఉండాలో రాసిన స్టిక్కరు కూడా ఇంగ్లీషులోనే అంటించారు. మా ఊళ్లో ట్రాక్టరు నడిపే వాళ్లలో ఎందరు దాన్ని చదవగలరు?

అలాగే ఈ మోడలుకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నలాంటి వ్యవసాయ యంత్రాల టెస్టింగ్ కేంద్రం ఇచ్చిన పరీక్ష రిపోర్టు కాపీ పంపండి. కొనేటప్పుడు మీ డీలరు ఫోన్లో చూపించి, అడిగితే ఇస్తానని ఇవ్వలేదు. అందులో బోల్టు గ్రేడు ఏమని రాశారో, నా మిషన్‌కు ఏం వేశారో పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వ్యవసాయ శాఖకు కూడా ఒక కాపీ ఇస్తాను.

విరిగిన బోల్టు, ఎగిరిన బ్లేడు కొరియర్లో పంపమని మీ ఆఫీసు నుంచి అడిగారు. పంపను. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. మీ డిజైన్ విభాగం నుంచి తెలిసిన మనిషిని పంపండి. పొద్దున తొమ్మిదింటి దాకా ఇంటి దగ్గరే ఉంటాను. ముందు ఆ గట్టు దగ్గరికి తీసుకెళ్లి డ్రమ్ము చూపిస్తాను, దాన్ని కదపకుండా అక్కడే ఉంచాను.

ఇట్లు,
మీ మల్చర్ కొన్న రైతు

జత చేసినవి: బిల్లు, వారంటీ కార్డు, ఏప్రిల్ 10 నాటి జాబ్ కార్డు, బోల్టు ప్యాకెట్ కవరు ఫోటో, బోల్టులు, బ్లేడు, డ్రమ్ము ఫోటోలు, బాడుగ రసీదు, మీ మెయిల్ ప్రింటు.